బండికి కట్టిన గొంతు

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. మా మేనత్త గొంతును నా మోటారు సైకిలుకు కట్టుకుని, ఆవిడ వీధుల్లోకి వెళ్ళి, ఆవిడ వాడిక ఇళ్ళకు చేపలు అమ్ముకొచ్చాను. "మీ అత్తకి ఒంట్లో బాలేదా, నిన్ను పంపిందా?" అని ఒకావిడ అడిగితే తల ఊపాను. నోరు విప్పి అబద్ధం చెప్పలేదు కదా అని ఆ పూటంతా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

కోపంలో ఉండి చేశాను. కోపం నిజం. అది రావడానికి కారణాలూ నిజమే. వాటిలో కొన్నిటి మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంది. అందుకే వాటినీ చెబుతాను, కానీ వాటి వెనక దాక్కోవడానికి కాదు.

మాది దరియాలతిప్ప. మా నాన్న అక్కగారు, అంటే మా మేనత్త, పెళ్ళయిన ఏడాది నుంచి చేపలు అమ్ముతోంది. తెల్లారగానే రేవులో పడవల దగ్గర చేప ఎత్తుకుని, ఆటోలో యానాం వచ్చి, బేసిను నెత్తిన పెట్టుకుని తన వీధులు తిరుగుతుంది. తన వీధులు అని ఎందుకంటున్నానంటే, మా చేపలమ్మే ఆడవాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి వాడిక ఇళ్ళు వాళ్ళవి. పాలవాడికి రోజూ పోసే ఇళ్ళు ఉన్నట్టే చేపలావిడకీ ఉంటాయి. ఒకావిడ వీధిలో ఇంకొకావిడ గంప దించదు. మొదటావిడకు జ్వరమొచ్చినా, ఇంట్లో ఏదైనా శుభకార్యం ఉన్నా, "ఇవాళ నా వీధి చూడు" అని కబురు పంపుతుంది. అలా కబురు అందినవాళ్ళే వెళతారు. వెళ్ళి, ఆవిడ పంపిందని చెప్పి అమ్ముతారు. ఇది ఎక్కడా రాసి లేదు. రాసి లేనందుకే ఎవరూ తప్పరు. "నిన్ను పంపిందా?" అని ఆ ఇల్లాలు అడిగిందంటే, ఆ కట్టుబాటు కొనేవాళ్ళకు కూడా తెలుసు కాబట్టి అడిగింది. నేను తల ఊపింది ఆ ప్రశ్నకు.

నేను డిగ్రీ చదివాను. మా ఊళ్ళో డిగ్రీ చదివినవాళ్ళందరిలాగే గవర్నమెంటు ఉద్యోగం కోసం ఎదురు చూశాను. ఎదురు చూపు అయిపోయాక, వెనక పెద్ద ఐసు పెట్టె కట్టిన మోటారు సైకిలు మీద చేపలు అమ్మడం మొదలుపెట్టాను. యానాం బయట కొత్త కాలనీ, అక్కణ్ణించి అడవిపొలం ఊరి వైపు. ఆ దారిలో ఎవరి వాడికా లేదు. నడిచి అంత దూరం ఎవరూ వెళ్ళరు.

నడిచేవాళ్ళకు కేక ఒక పని. బండి మీద వెళ్ళేవాడికి అది శిక్ష. ఇంజను చప్పుడును దాటి అరవాలి, అరుస్తూ గుంతలు చూసుకోవాలి, అరిచిన కేక విని ఇంట్లోవాళ్ళు బయటికి వచ్చేసరికి నేను నాలుగిళ్ళు దాటిపోయి ఉంటాను. నా గొంతు వారానికోసారి పోయేది. అందుకని బండికి సౌండు పెట్టించుకుందామనుకున్నాను.

మెయిన్ రోడ్డు మీద బళ్ళకు సీటు కవర్లు, స్టిక్కర్లు, రంగు లైట్లు అమ్మే షాపు ఒకటుంది. ఆ షాపాయన ఎవరినైనా బ్రదర్ అంటాడు.

"తక్కువలో కావాలండి. చేపలమ్మడానికి" అన్నాను.

"తక్కువలోనే సూపరుగా చేసేద్దాం బ్రదర్. ఈ పక్క వీధిలో నువ్వుంటే ఆ పక్క వీధిలో నిద్ర లేస్తారు."

ఆ మాట నన్ను భయపెట్టాల్సింది. నాకేమో సంతోషమేసింది.

అన్నం క్యారేజీ అంత ఆంప్లిఫయరు. దాని ముందు నీలం లైట్లు, చేపల బండికి ఎందుకో తెలియదు. హ్యాండిలు దగ్గర ఒక గొట్టం మైకు బిగించాడు. వైర్లు ట్యాంకు కిందనుంచి లాగి నేరుగా బ్యాటరీకి కలిపేశాడు. మధ్యలో ఫ్యూజు ఏదండీ అంటే, "చిన్న సెట్టుకి ఫ్యూజెందుకు బ్రదర్" అన్నాడు. తాళంచెవితో ఆగేలా కలపమంటే అది ఇంకో పనన్నాడు. వెనక ఐసు పెట్టె పక్కనే ఒక స్విచ్చి అంటించాడు. ఐసు పెట్టెలోంచి కారే ఉప్పు నీళ్ళకు ఆ స్విచ్చి కొద్దిరోజుల్లోనే పట్టేయడం మొదలుపెట్టింది. ఒకసారి సీటు కిందనుంచి వైరు కాలిన వాసన వచ్చింది. బ్యాటరీ దిగిపోయి సెల్ఫు పనిచేయడం మానేస్తే, నడిరోడ్డు మీద కిక్కు కొట్టి కొట్టి కాలు వాచింది. వెళ్ళి అడిగితే ఏమన్నాడో తెలుసా?

"చేపల బండికి గ్యారంటీ ఉండదు బ్రదర్."

మరి బిగించేటప్పుడు అది పూలరథమా? తక్కువలో కావాలన్నవాడికి తక్కువ పనే చాలని ఈ ఊళ్ళో అందరికీ ఎందుకు అనిపిస్తుందో నాకు అర్థం కాదు. వస్తువు చవకది కావచ్చు. దాన్ని బిగించే చేతికి చవకేమిటి?

ఇంకొకటి. ఆ ఆంప్లిఫయరు ఆన్ చేసిన ప్రతిసారీ లోపలున్న ఎవరో ఒకావిడ ఇంగ్లీషులో "బ్లూటూత్ మోడ్" అని గట్టిగా ప్రకటించేది. ఆవిడ నోరు మూయించే మార్గం లేదు. అడవిపొలంలో నన్ను కొన్నాళ్ళు బ్లూటూతు చేపలాయన అని పిలిచారు.

సరే, సెట్టు వచ్చింది. కేక కావాలి. షాపాయన పెన్ డ్రైవులో ఏ జిల్లాదో ఒక మగ గొంతు ఎక్కించి ఇచ్చాడు. అది విని ఎవరూ గడప దాటలేదు. నా గొంతు రికార్డు చేశాను. మా ఆవిడ విని, "చేపలమ్ముతున్నట్టు లేదండీ, ఎవరితోనో తగువుకి వెళ్ళినట్టుంది" అంది. నిజమే.

అప్పుడు అత్త కేక గుర్తొచ్చింది.

అత్త మిగతావాళ్ళలా "చేపలోయ్ చేపలు" అనదు. "కత్తిపీటలు తియ్యండమ్మోయ్..." అని మొదలుపెడుతుంది. ఆ "అమ్మోయ్" వీధి చివరిదాకా సాగుతుంది. వెంటనే, పక్కన నిలబడి చెబుతున్నట్టు, "ఏటి చేప. ఇప్పుడే దిగింది" అని చిన్నగా ముగిస్తుంది. ఆ మొదటి మాట విని కత్తిపీట తీసినవాళ్ళు కొనకుండా ఎలా ఉంటారు? యానాంలో ఆ మాట అనేది ఆవిడ ఒక్కతే.

ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ అరుగు మీద కూర్చుని వల చిక్కు తీస్తోంది.

"అత్తా, నీ కేక ఒకసారి వెయ్యవా? ఫోన్లో పెట్టుకుంటాను. పిల్లలకి వినిపిస్తాను."

"నా కేకా? ఈ ముసిలి గొంతు పిల్లలకెందుకురా, జడుసుకుంటారు" అంటూనే, ఫోటో దిగుతున్నట్టు కొంగు సర్దుకుంది. గొంతు సవరించుకుంది. వేసింది. తర్వాత ఫోను చెవి దగ్గర పెట్టుకుని విని, "నా గొంతు ఇంత బాగుంటదా?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పిల్లలకు వినిపించిన మాట నిజం. ఆ తర్వాత పెన్ డ్రైవులోకి ఎక్కించిన మాటా నిజం. కాలనీలోనూ అడవిపొలంలోనూ ఆవిడెవరో ఎవరికీ తెలియదు, ఎవరికి నష్టం అనుకున్నాను. అమ్మకాలు పెరిగాయి. ఆవిడకు చెప్పలేదు. చెప్పకపోవడమే, అది తప్పని నాకు తెలుసు అనడానికి సాక్ష్యం. తప్పు కాదనుకుంటే ఆ సాయంత్రమే వెళ్ళి, "అత్తా, నీ గొంతు అడవిపొలం వెళ్ళొచ్చింది" అని నవ్వుతూ చెప్పి ఉండేవాణ్ణి.

ఇక ఆ రోజు సంగతి.

పొద్దున్నే కాలనీలోకి వెళ్ళాను. రెండో వీధి మలుపులో ఒక రిటైరైన ఆఫీసరుగారు, వాకింగు ముగించుకుని వస్తూ, బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆపవయ్యా ముందు! ఇదేమన్నా చేపల మార్కెట్టా?"

"వీధేనండి. వినపడితేనే కదండీ తెలిసేది, వచ్చానని."

"నోటితో అరుచుకో. మైకు పెట్టడానికి పర్మిషనుందా నీకు?"

ఆయన ఇంటి మేడ మీదనుంచి ఒకావిడ వంగి, "ఏవండీ, రొయ్యలున్నాయేమో అడగండి" అంది.

"నువ్వూరుకో!" అని పైకి అరిచి, నా బండి తాళంచెవి లాగేశాడు.

ఇంజను ఆగింది. అత్త ఆగలేదు. షాపాయన బ్యాటరీకి నేరుగా కలిపిన వైరు కదా. తాళంచెవి ఆయన చేతిలో ఉంది, "కత్తిపీటలు తియ్యండమ్మోయ్" అని గొట్టం ఆయన ముఖంలోకి మోగుతూనే ఉంది. స్విచ్చి నొక్కాను, కదల్లేదు. వీధిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఎగతాళి చేస్తున్నావా? నాతోనా?"

"లేదండి, స్విచ్చి పట్టేసిందండి..."

"పట్టేసిందా? పోలీసోళ్ళు పట్టేస్తారు, అప్పుడు వదులుద్ది."

రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని, సైడు డబ్బా ఊడదీసి, వైరు పట్టుకుని లాగేదాకా అత్త ఆయనకు చేప తాజాదనం చెబుతూనే ఉంది. చప్పుడు ఆగాక ఆయన తాళంచెవి నా చేతికివ్వలేదు. సీటు మీదకి విసిరాడు. "మళ్ళీ ఈ కాలనీలో కనిపించకు" అన్నాడు.

కోపం రాదా? ఇదే ఆయన తన మనవడి పుట్టినరోజుకు రోడ్డుకు అడ్డంగా షామియానా వేయించాడు. నిలువెత్తు డీజే బాక్సులు పెట్టించాడు. నేను ఆ రోజు బండి దిగి, పక్క సందులోంచి తోసుకుంటూ వెళ్ళాను. పర్మిషనుందా అని నేనడిగానా? ఎన్నికలప్పుడు పొద్దుటినుంచి సాయంత్రందాకా ప్రచారం ఆటోలు తిరుగుతాయి. ఆయన వాటికి చెయ్యెత్తి నమస్కారం పెట్టడం నేనే చూశాను. ఏ చప్పుడుకూ లేని నొప్పి చేపలవాడి చప్పుడుకు వచ్చింది. నా కేక మాటకొస్తే, అందులో ఒక్క చెడ్డ మాట లేదు. చేప వచ్చింది, కత్తిపీట తీయండి అంది. అంతే.

ఇవన్నీ ఆయనకు చెప్పానా? చెప్పలేదు. "ఆయ్, అలాగేనండి" అన్నాను. ఆ "అలాగేనండి" గొంతులో ముల్లులా గుచ్చుకుని ఉండగానే కాలనీ దాటి వైరు మళ్ళీ కలిపాను. పెట్టె నిండా చేప ఉంది. ఐసు కరుగుతోంది. ముందుకు వెళితే అడవిపొలం. నేను బండి వెనక్కి తిప్పాను.

ఎందుకు తిప్పానో ఇప్పుడు స్పష్టంగా తెలుసు. నన్ను గౌరవంగా చూసే వీధి ఒకటి నాకు ఆ క్షణంలో కావాలి. అలాంటి వీధులు నాకు తెలిసి అత్తవే. దాటుకుంటూ వెళతాను, ఆగను అనుకున్నాను. సౌండు ఆపలేదు. ఆపడం కష్టమని కూడా చెప్పుకోను. వైరు ఎక్కడుందో అప్పటికి నాకు బాగా తెలుసు.

మొదటి ఇంటి తలుపు తెరుచుకుంది. స్కూలు మేస్టారి భార్య, చేతిలో గిన్నెతో వచ్చింది.

"ఏంటే ఇవాళ ఇంత పెందలాడే..." అంటూ వచ్చి, నన్ను చూసి ఆగింది. "నువ్వా? మీ అత్తేదయ్యా? ఒంట్లో బాలేదా, నిన్ను పంపిందా?"

తల ఊపాను.

"పాపం. మోకాళ్ళేనా?"

మోకాళ్ళకు కూడా ఊపాను.

తర్వాత నేనేమీ ఊపనవసరం లేకపోయింది. ఆవిడే పక్కింటావిడకు చెప్పింది, పక్కింటావిడ ఎదురింటికి చెప్పింది. జాలి పడుతూ కొన్నారు. బేరం కూడా ఆడలేదు. పండుగప్పలు ముందు అయిపోయాయి, తర్వాత రొయ్యలు. కాలనీలో సీటు మీదకి విసిరిన తాళంచెవి బాధ ఆ వీధి చివరికి వచ్చేసరికి తగ్గిపోయింది. ఖాళీ పెట్టెతో ఇంటికి వచ్చి, కడుపు నిండా తిని, పడుకున్నాను. హాయిగా నిద్ర పట్టింది. ఇదంతా రాస్తున్నప్పుడు నాకు అన్నిటికంటే రోత పుట్టించేది ఆ నిద్ర.

లేచేసరికి గుమ్మంలో అత్త గొంతు. ఈసారి గొట్టంలోంచి కాదు.

"ఏరా అల్లుడా, ఉన్నావా? నా మోకాళ్ళెలా ఉన్నాయో కనుక్కుందామనొచ్చేను."

బేసిను గుమ్మం పక్కన దించింది. మీద కప్పిన తడి గోనె కింద చేప అలాగే ఉంది. పొద్దున ఎత్తిన చేప. బొడ్లోంచి చిన్న నూనె సీసా తీసి నా ముందు పెట్టింది.

"మేస్టారి భార్య ఇచ్చింది, మోకాళ్ళకి రాసుకోమని. మంచి మనిషి. సీసా అయితే ఇచ్చింది గానీ చేప కొనలేదు. పొద్దున్నే నేనే అమ్మేనంట కదా."

"అత్తా, అది కాదు..."

"కబురెవరు పంపేర్రా నీకు? నేనా? నాకు తెలవకుండా నేనే పంపేనా?"

మా ఆవిడ లోపల్నుంచి వచ్చి ఏమిటండీ అంది. నేను కాలనీ సంగతి మొదలుపెట్టాను. ఆఫీసరు, తాళంచెవి, కరుగుతున్న ఐసు. అత్త చివరిదాకా వింది. అప్పుడంది:

"నిన్ను కాలనీలోంచి తరిమేరని నన్ను నా వీధిలోంచి తరుముతావా?"

"తరమడమేంటత్తా, ఒక్క రోజు..."

"ఒక్క రోజంటే ఏంట్రా? పొద్దున్నే గుమ్మం ముందుకి బండి వచ్చింది. ఈ ముసిల్ది ఎండెక్కేక నడుచుకుంటా వత్తది. రేపు ఎవరి కోసం చూత్తారు వాళ్ళు? నువ్వు సెప్పు, సదువుకున్నోడివి." ఆవిడ గొంతు ఒక్కసారి పడిపోయింది. "మోకాళ్ళన్నావు. పోనీ పాడె కట్టేరని చెప్పలేపోయేవా? రేపట్నించి ఎవరూ నా కోసం చూడకుండా పోదురు."

నేను ఆ నూనె సీసా చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టాను.

"పిల్లలకని పట్టికెళ్ళేవు నా కేక."

"వినిపించానత్తా, పిల్లలకి."

"పిల్లలకి వినిపించేవు, ఊళ్ళోవాళ్ళకి వినిపించేవు. అమ్ముతున్నానని నాకొక్కదానికే వినిపించలేదు."

మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చింది. అత్త గ్లాసు వైపు చూడలేదు. బేసిను తనే ఎత్తుకుంది. నేను చెయ్యి వేయబోతే, "ఆగరా" అంది. అంతే అంది.

ఆవిడ వెళ్ళాక నేను ఊరుకున్నానా? లేదు. మా ఆవిడ ముందు విరుచుకుపడ్డాను. షాపాయన సరిగ్గా కలిపి ఉంటే గొడవే ఉండేది కాదన్నాను. ఆఫీసరును నానా మాటలూ అన్నాను. డిగ్రీ చదివి చేపలమ్మాల్సి రావడం గురించి అన్నాను. నేనేమైనా దొంగతనం చేశానా అన్నాను.

మా ఆవిడ గ్లాసులో నీళ్ళు మొక్కలో పోసి, "మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదండీ" అంది. గ్లాసు పక్కన పెట్టి, "ఆ ఆఫీసరు మీద కోపం ఆయన మీదే చూపించొచ్చు కదా" అంది.

"ఎలా చూపిస్తాను? ఆయనెవరు, నేనెవరు?"

"అదే. ఆయన్నేం అనలేరు. ఈవిడైతే అత్త."

అప్పటిదాకా నా కోపం ఎంత పెద్దదో, ఎంత న్యాయమైనదో అనుకుంటూ ఉన్నాను. అది మనిషిని చూసి మరీ తిరిగిందని ఆ మాటతో తెలిసింది. తాళంచెవి లాగినవాడి ముందు "ఆయ్" అంది. నాకు చేప కొయ్యడం నేర్పిన మనిషి వీధిలోకి మాత్రం మైకు పెట్టుకుని వెళ్ళింది. ఆఫీసరు నన్ను ఎందుకు అడ్డగించాడు? అడ్డగించినా ఏమీ అననని తెలిసి. నేను అత్త వీధిలోకి ఎందుకు వెళ్ళాను? సరిగ్గా అందుకే. ఇద్దరిలో ఎవరు ఎక్కువ నీచం అని అడిగితే, నేనే. ఆయనకు నేను మేనల్లుణ్ణి కాను.

సాయంత్రం వాళ్ళింటి వైపు వెళ్ళాను. లోపలికి వెళ్ళే మొహం లేక దారిలోనే నిలబడ్డాను. అత్త వాకిట్లో పీట వేసుకుని, అమ్ముడుపోని చేపంతా చీల్చి ఉప్పు పెడుతోంది. ఎండబెట్టడానికి. తాజా పండుగప్పను ఎవరైనా ఉప్పు చేప చేస్తారా? కత్తి పడ్డప్పుడల్లా చప్పుడు దారిలోకి వినిపిస్తోంది. ఆ రోజు ఆవిడ నన్ను చూడలేదు. చూసి ఉంటే నేను ఇంటికి పారిపోయేవాణ్ణే.

మర్నాడు బండి తీయలేదు. అత్త ఎక్కే ఆటో దగ్గర నిలబడ్డాను.

"దేనికొచ్చేవు?"

"నీ వాడిక ఇళ్ళకి వస్తానత్తా. నేనే చెబుతాను, నువ్వు పంపలేదని."

"నా బేసిను ముట్టుకోకు. నా వెనకాల రా."

వెనకాలే నడిచాను. ఆవిడ కేక వేసింది. గొట్టంలో విన్న కేకకూ దీనికీ పోలికే లేదు. దీనిలో ఆయాసం ఉంది, ఎవరింటి ముందు ఎంత ఆగాలో ఉంది. మేస్టారి భార్య వచ్చింది.

"అమ్మా, నిన్న నేను అబద్ధం చెప్పానండి. అత్త నన్ను పంపలేదు. ఆవిడకి బాగానే ఉంది. బండిలో మోగింది ఆవిడ కేకే, ఆవిడకి తెలియకుండా పెట్టుకున్నాను."

"అయితే మోకాళ్ళు?"

"బానే ఉన్నాయండి."

"బానే ఎందుకుంటాయి, నొప్పులే. నూనె మాత్రం ఉంచుకుంటాను" అంది అత్త. మేస్టారి భార్య నవ్వింది, అత్త నవ్వలేదు.

అలా ఇంటింటి దగ్గరా చెప్పాను. కొందరు తిట్టారు. కొందరు, ఇదో పెద్ద సంగతా అన్నట్టు చూశారు. చివరి వీధిలో ఒక ఉద్యోగస్తుల ఇంటి ఇల్లాలు మాత్రం మొత్తం విని, అత్త ఎదురుగానే అంది:

"పోన్లేవయ్యా. నిజం చెప్పాలంటే నువ్వు రావడమే బాగుంది. మా ఆయన క్యారేజీ కట్టేలోపు కూర అయిపోయింది. రోజూ నువ్వే రారాదూ?"

అత్త బేసినులోకి వంగి, సర్ది ఉన్న చేపల్నే మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది.

నిన్న అత్త మా గుమ్మంలో నిలబడి అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. ఒక్క రోజు చాలింది. ఈ ఇంట్లో ఎవరికి తలకాయ ఇష్టమో, ఎవరికి ముల్లు తీసి కొయ్యాలో అత్తకు తెలుసు. ఈ ఇల్లాలు బాలింతగా ఉన్నప్పుడు పథ్యానికి తగిన చేప ఏరి, వానలో తెచ్చి ఇచ్చింది కూడా అత్తే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఆ ఇల్లాలిని ఏమని తిట్టను? ఆవిడ అడిగింది పెందలాడే చేప. అది తప్పు కాదు. ఆ రుచి చూపించింది నేను.

"రానండి" అన్నాను. "ఈ వీధి అత్తదండి. ఆవిడ కబురు పంపితే తప్ప రాను."

"వీధులు పంచుకోవడమేంటయ్యా, విడ్డూరం? రోడ్డు అందరిదీ."

"మీకు రోడ్డండి. ఆవిడకి చేను."

అత్త తలెత్తింది. నా వైపు కాదు, ఆవిడ వైపు. "అమ్మాయ్, క్యారేజీ ఎన్నింటికి కడతావు? రేపట్నించి ముందు నీ గుమ్మానికే వత్తాను. ఇటు చివర్నుంచి మొదలెడతా, అంతే కదా. దీనికి బండెందుకు?" అంది. బేరం మొదలైంది. ఆ ఇల్లాలు కొంది. కొంచెమే.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో కోసం నిలబడ్డాం. మెయిన్ రోడ్డు అక్కణ్ణించి కనిపిస్తుంది. రోజూ నేను కాలనీకి వెళ్ళే దారి.

"నువ్వు రానన్నావు. బానే ఉంది" అంది అత్త. "నీ గొట్టమో?"

"గొట్టమా?"

"నువ్వు ఆ రోడ్డు మీద ఎల్తే ఇక్కడిదాకా వినపడదేంట్రా? నువ్వు రాపోయినా అది వత్తది. సందు చివరికొచ్చి నిన్ను ఆపుతారు."

నేను దాని గురించి ఆలోచించనే లేదు. కాలు పెట్టకపోతే చాలనుకున్నాను. కట్టుబాటు కాళ్ళతో నడిచే రోజుల్లో పుట్టింది. చప్పుడుకు హద్దు ఎక్కడో అప్పుడు ఎవరికీ అవసరం పడలేదు.

ఆ సాయంత్రం బండి వాళ్ళ వాకిట్లోకి తీసుకెళ్ళాను. "నా ముందర తుడిచెయ్యి" అంది. పెన్ డ్రైవులోదీ ఫోన్లోదీ ఆవిడ కేక తుడిచేశాను. ఫోను ఆవిడ చెవికి పెట్టి, ఏమీ లేదని చూపించాను. తర్వాత నా గొంతే రికార్డు చేసుకున్నాను. తగువుకు వెళ్ళినట్టే ఉంది. ఉండనిచ్చాను.

మరుసటి రోజు నుంచి గొట్టం పని పట్టాను. అత్త మేస్టారింటి మెట్టు మీద కూర్చుంది, నేను మెయిన్ రోడ్డు మీద బండి నడుపుతూ ఫోను చేశాను.

"అత్తా, వినపడుతోందా?"

"వినపడతంది."

"ఇప్పుడో?"

"వినపడతంది. ముందర ఇంగిలీసులో ఎవత్తో అరుత్తంది, అదీ వినపడతంది."

ఆ ఆంప్లిఫయరు ఎలాంటిదంటే, ఒక హద్దు కన్నా తగ్గిస్తే పూర్తిగా మూగబోతుంది. అరవడం, లేదా చావడం, మధ్యలో ఏమీ లేదు. గొట్టం మూతికి గుడ్డ కుక్కాను. నేలవైపు తిప్పాను. "వినపడతంది" అనే అంటోంది అత్త. చివరికి షాపుకు వెళ్ళి గొట్టం తీసేసి చిన్న బాక్సు పెట్టమన్నాను.

"సౌండు పెంచమని వస్తారు బ్రదర్ అందరూ. తగ్గించమని వచ్చినోణ్ణి నిన్నే చూశాను. డౌనైపోద్ది నీ బిజినెస్సు."

"ఫ్యూజు కూడా పెట్టండి. తాళంచెవికి కలపండి. నేను నిలబడి చూస్తాను."

నిలబడి చూశాను. విసుక్కుంటూనే చేశాడు.

కాలనీలోకి కూడా మళ్ళీ వెళ్ళాను. ఆఫీసరుగారు గేటు దగ్గర నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు, వాళ్ళావిడ రొయ్యలు తీసుకుంది. ఆయన మీద నా కోపం తగ్గలేదు. తగ్గాలని నేను అనుకోవడం కూడా లేదు. అది ఆయనకు, నాకు మధ్య ఉంటే చాలు.

చిన్న బాక్సు పెట్టిన రోజు అత్త మళ్ళీ మెట్టు మీద కూర్చుంది. నేను రోడ్డు మీద బండి ఆపి, కొంచెం కొంచెంగా తగ్గిస్తూ అడిగాను.

"అత్తా, ఇప్పుడు?"

"ఆ..."

"ఇప్పుడు?"

ఫోన్లో ఆ వీధిలో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపించింది.

"ఇప్పుడు నువ్వు లేవు" అంది. "ఇంక ఎల్లు."

సౌండు నాబు అక్కడే ఉంచి, పైకి తిరగకుండా దాని చుట్టూ టేపు బిగించి చుట్టాను. బండి స్టార్టు చేసి అడవిపొలం వైపు వెళ్ళాను. ఆ చప్పుడు పక్క ఇంటికి కూడా సరిగా వినిపించదు. అందుకని ఇప్పుడు ప్రతి గుమ్మం ముందూ బండి ఆపుతాను, దిగి, నోటితో అడుగుతాను.